ల్యాబ్ ఉద్యోగమా, డేటా సైన్స్ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ పూర్తి చేసింది. ఆహార పదార్థాల్లో విటమిన్లు పరీక్షించే ప్రైవేటు ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. జీతం తక్కువ. చుట్టాల పిల్లలంతా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంది. అప్పు చేసైనా డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామంటే తను వద్దంటోంది. ఏది మేలు?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: జీతం గురించి మీరు రాసింది రెండే మాటలు. మిగతా టెన్షనంతా చుట్టాల గురించే. ముందు ఆ అమ్మాయి చేయబోయే పనేమిటో తెలుసుకోండి.

పాలపొడి డబ్బా మీద బి1, బి2, సి విటమిన్లు ఇంతింత అని రాసి ఉంటుంది కదా. ఆ అంకె నిజమో కాదో తేల్చేది హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం (శాంపిల్లోని పదార్థాలను విడదీసి కొలిచేది) మీద పనిచేసే కెమిస్టే. శాంపిల్ లోపల పెట్టి బటన్ నొక్కితే అయిపోయే పని కాదది. విటమిన్ సి గాలి తగిలితే పాడవుతుంది, అందుకే మెటాఫాస్ఫారిక్ ఆమ్లంలో తీస్తారు. బి2కి వెలుతురు పడదు, ముదురు గోధుమరంగు సీసాల్లో ఉంచాలి. బి1, పదార్థాలను విడదీసే గొట్టమైన మామూలు సి18 కాలమ్‌లో నిలవకుండా ముందే బయటికొచ్చేస్తుంది. దాన్ని కాసేపు ఆపడానికి ఆ గొట్టంలో పారే ద్రవంలో, అంటే మొబైల్ ఫేజ్‌లో అయాన్ పెయిర్ రసాయనం కలపాలి. ఇక బి12 సంగతి చూడండి. ఫోర్టిఫైడ్ (పోషకాలు కలిపిన) బియ్యంలో అది కిలోకి 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములు ఉండాలి. అంత కొంచెం పట్టుకోవాలంటే చాలాచోట్ల ఎల్‌సీ-ఎంఎస్ అనే ఇంకా సున్నితమైన యంత్రం దాకా వెళ్లాల్సిందే. మీ అమ్మాయి ఐదేళ్లు చదివింది ఈ పనికే. చెప్పుకోవడానికి ఇబ్బంది దేనికి?

డేటా సైన్స్ చెడ్డదని నేననను. స్టాటిస్టిక్స్ మీద ప్రాణం పెట్టే పిల్లలకు అది మంచి దారే. నా అనుమానమంతా "ఆరు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ" అనే కోర్సుల మీద. ఫీజు కట్టించుకునేటప్పుడు ఉన్న హుషారు, ఉద్యోగం అడిగేటప్పుడు వాళ్లలో కనిపించదు. పైగా అక్కడ మీ అమ్మాయి కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేసినవాళ్లతో మొదటి నుంచి పోటీ పడాలి. తను వద్దంటున్న చదువుకు మీరు అప్పు చేస్తే, ఆ అప్పు తీరేదాకా నలిగేది ఆ పిల్లే. కొంచెం కఠినంగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి: పెళ్లిలో ఎవరో అడిగే ప్రశ్నకు జవాబు కోసం కూతురి చదువు మార్చకూడదు.

మొదట్లో జీతం తక్కువగానే ఉంటుంది, అది దాచను. కానీ హెచ్‌పీఎల్‌సీ మీద చెయ్యి తిరిగితే, పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ కంట్రోల్ పనికీ అదే అనుభవం అక్కరకొస్తుంది. ఎగుమతి రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు చూసే ల్యాబులకూ ఇలాంటివాళ్లు కావాలి. భయపడకండి, దారి మూసుకుపోదు.

చేరేముందు అమ్మాయిని మూడు విషయాలు అడగమనండి. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా? శాంపిల్స్ తయారీతోనే సరిపెడతారా, మెథడ్ వ్యాలిడేషన్ (పరీక్ష పద్ధతి సరైన ఫలితమిస్తోందని రుజువు చేయడం) కూడా నేర్పిస్తారా? రాత్రి షిఫ్టుంటే ఇంటిదాకా బండి పంపిస్తారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే మాత్రం చేరనివ్వకండి.