అచ్చు కోసం వేసిన ఆయిల్ పెయింటింగులను నేరుగా చూడాలా?

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ అమెరికన్ కథల పుస్తకాల్లోని బొమ్మలన్నీ ఇప్పుడు ఫోనులోనే స్పష్టంగా కనిపిస్తున్నాయి కదా, అచ్చు కోసమే వేసిన వాటి అసలు కాన్వాసులు చూడటానికి మ్యూజియం దాకా వెళ్ళాలా అని మీరు అడిగారు. తప్పకుండా వెళ్ళాలనే నా అభిప్రాయం. ఉద్యోగరీత్యా డెలావేర్‌లో ఉంటున్న నేను, పక్కనే పెన్సిల్వేనియాలోని చాడ్స్ ఫోర్డ్‌లో ఉన్న బ్రాండీవైన్ మ్యూజియానికి చాలాసార్లు వెళ్ళాను. పాత పిండిమరను బాగుచేసి 1971లో తెరిచిన ఆ మ్యూజియంలో, పుస్తకాలకు బొమ్మలు వేసిన అమెరికన్ చిత్రకారుడు ఎన్.సి. వైయెత్ 1911లో, స్టీవెన్‌సన్ రాసిన సముద్రదొంగల నవల ‘ట్రెజర్ ఐలాండ్’ కోసం వేసిన చిత్రాలు కొన్ని ఉన్నాయి.

వాటి ముందు నిలబడగానే తెలిసేది కొలత. ఒక్కొక్కటి సుమారు 47 అంగుళాల ఎత్తు, 38 అంగుళాల వెడల్పు ఉంటుంది. పుస్తకంలో అదే బొమ్మ జానెడు ఎత్తు కూడా ఉండదు. అంతగా కుదించినా కథ చెడకూడదు కాబట్టి, వైయెత్ చిన్న చిన్న వివరాల మీద ఆధారపడకుండా, పెద్ద పెద్ద వెలుగునీడలతో చిత్రాన్ని కట్టాడు. గుడ్డివాడైన సముద్రదొంగ ప్యూ వెన్నెల రాత్రి తన వాళ్ళు వదిలేసి పోయాక, కర్ర చాపి దారి తడుముకునే చిత్రంలో ఈ సంగతి బాగా కనిపిస్తుంది. అచ్చులో అది భయపెట్టే బొమ్మ మాత్రమే. కాన్వాసు ముందు నిలబడినప్పుడు, ఆ మనిషి మన కంటి ఎత్తులో, మన వైపే వస్తున్నట్టు ఉంటాడు. నాకైతే భయం కన్నా ముందు అతని మీద జాలి కలిగింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది మాత్రం, ఆ నవలలో కథ చెప్పే పిల్లవాడు జిమ్ ఇల్లు వదిలి వెళ్ళే చిత్రం. అమ్మకూ, పుట్టి పెరిగిన ఆ సముద్రతీరానికీ వీడ్కోలు చెప్పానని జిమ్ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాడు. అమ్మ ఏడ్చిందని అక్కడ ఎక్కడా లేదు. వైయెత్ ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగాడు. చేతిలో మూటతో పిల్లవాడు ముందుకు నడుస్తుంటే, వెనక వాళ్ళ సత్రం గోడ దగ్గర తల్లి ఏప్రన్‌లో ముఖం దాచుకుని ఏడుస్తూ ఉంటుంది. నేను అమెరికా బయలుదేరిన రోజున మా అమ్మ వీధి అరుగు మీద, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సరిగ్గా అలాగే నిలబడింది, నేను కారెక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చిత్రాన్ని అంతకుముందు ఫోనులో ఎన్నోసార్లు చూసినా అమ్మ గుర్తుకు రాలేదు. కాన్వాసు ముందు నిలబడ్డ మొదటిసారే గుర్తుకొచ్చింది.

కథలో రచయిత వదిలేసిన చోటును వెతికి పట్టుకునే ఈ పద్ధతి వైయెత్‌కు గురువు హోవర్డ్ పైల్ దగ్గర అబ్బింది. పైల్ 1900లో డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో సొంత చిత్రకళ బడి పెట్టి, ఫీజు తీసుకోకుండా నేర్పాడు. అంతకు ముందు నుంచే, 1898 మొదలు కొన్ని వేసవులు, చాడ్స్ ఫోర్డ్‌లో తరగతులు నడిపాడు. బొమ్మ వేసేవాడు ఆ దృశ్యంలోకి తాను అడుగుపెట్టి, అక్కడి గాలి, చలి, భయం అనుభవించాకే కుంచె పట్టాలని ఆయన పట్టుబట్టేవాడు. వైయెత్ 1902లో, ఇరవై ఏళ్ళ వయసులో ఆ బడిలో చేరాడు. ‘ట్రెజర్ ఐలాండ్’ కోసం వేసిన 17 చిత్రాలకు వచ్చిన డబ్బుతోనే చాడ్స్ ఫోర్డ్‌లో స్థలం కొని, ఇల్లూ స్టూడియో కట్టుకున్నాడు.

ఇంకొక విషయం కూడా గమనించండి. ఆ కాలపు కాన్వాసుల్లో కొన్ని పూర్తిగా నలుపు తెలుపుల్లోనే ఉంటాయి. అవి అసంపూర్ణంగా వదిలేసినవని నేను మొదట పొరబడ్డాను. రంగుల అచ్చు ఖరీదైనది కావడంతో, పత్రిక ఒకే సిరాతో అచ్చు వేసే పేజీకి చిత్రకారుడు ఆయిల్‌లోనే నలుపు తెలుపు వేసి ఇచ్చేవాడు. అందుకే వాటిలో బూడిద రంగు ఛాయలు అంత శ్రద్ధగా, ఒకదాని నుంచి ఒకటి మెల్లగా మారుతూ ఉంటాయి.

మీరు వెళ్ళేటట్టయితే, ఏయే చిత్రాలు ఆ సమయంలో గోడ మీద ఉన్నాయో మ్యూజియంకు ఫోన్ చేసి ముందే అడగండి, ఎందుకంటే ప్రదర్శనలు మారుతుంటాయి. వీలైతే పుస్తకం వెంట తీసుకువెళ్ళి, ముందు పేజీ చూసి తర్వాత కాన్వాసు చూడండి. నేను మొదటిసారి చిత్రాల పక్కనున్న పలకలు చదవడంలోనే సగం సమయం పోగొట్టుకున్నాను. అక్కడి నుంచి విల్మింగ్టన్ దగ్గరే కాబట్టి, డెలావేర్ ఆర్ట్ మ్యూజియంలో పైల్ 1909లో వేసిన ‘మరూన్డ్’ కూడా చూసి రండి. విశాలమైన పసుపు ఆకాశం కింద, ఇసుక మీద, తోటివాళ్ళు వదిలేసి పోయిన ఒక్క మనిషి చాలా చిన్నగా, తల వంచుకుని కూర్చుని ఉంటాడు. ఫోనులో ఆ మనిషి దాదాపు కనబడడు.