ఎస్ప్రెసో షాట్ 12 సెకన్లకే కారిపోతుంటే ముందు కాఫీ పొడి సంగతి చూడండి

ఎస్ప్రెసో మెషీన్‌లో 18 గ్రాముల కాఫీ పొడి వేసినా 12 సెకన్లకే కప్పు నిండుతోంది, పుల్లగా ఉంటోంది, 15 బార్ మెషీన్ తీసేసి 20 బార్‌ది కొనాలా అని అడిగారు. కొనకండి. ఆ అంకె పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి మాత్రమే. ఎస్ప్రెసోకి కావలసింది దాదాపు 9 బార్లు. పొడి ముతకగా ఉంటే నీళ్లకు అడ్డే ఉండదు, ఎంత పెద్ద పంపు పెట్టినా అంతే.

గ్రైండర్‌ని ఒక్కో మెట్టు సన్నం చేస్తూ రండి. మోటారు తిరుగుతుండగానే మార్చండి, లేకపోతే బర్ల (గింజల్ని నలిపే పళ్ల చక్రాలు) మధ్య గింజలు ఇరుక్కుంటాయి. మార్చాక మొదట పడే కొద్ది గ్రాములు పాత సైజువే, పక్కన పెట్టేయండి. పొడి బరువు మార్చకుండా, కప్పు కింద త్రాసు పెట్టి 36 గ్రాముల కాఫీ రాగానే ఆపండి. పంపు మొదలైనప్పటి నుంచి 25-30 సెకన్లు పట్టాలి.

సన్నం చేశాక కూడా ఒక పక్క నుంచి చిమ్ముతోందంటే పొడిలో నీళ్లకు సందు దొరికినట్టే. సన్నటి సూదితో అడుగుదాకా కలిపి, ఉండలు విడగొట్టి, ట్యాంపర్‌ని (పొడిని అదిమే పరికరం) వంకర లేకుండా నొక్కండి. బలం కన్నా సమంగా నొక్కడం ముఖ్యం.

ఒక్కసారి బాస్కెట్ (పొడి వేసే చిల్లుల గిన్నె) తిప్పి చూడండి. అడుగున ఒకటే చిన్న రంధ్రం ఉంటే అది రెండు గోడల రకం. ముతక పొడికి కూడా నురగ తెప్పిస్తుంది కాబట్టి పొడిలో తేడా సరిగా తెలియనివ్వదు. ఒంటి గోడది కొనుక్కోండి, ఖర్చు పెట్టాల్సింది అక్కడే.

టైము కుదిరినా పులుపు పోకపోతే పొడి అంతే ఉంచి 40-45 గ్రాముల దాకా రానివ్వండి.