ఉగాదిలోపు ఒక ఉదయం చోళమండలం వెళ్లిరండి

నెల్లూరులో ఉంటామని, తోటలూ బొమ్మలూ రెండూ ఉన్న ఆర్ట్ మ్యూజియం ఏదైనా ఉగాదిలోపు పిల్లలకు చూపించాలని, పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరాలని రాశారు. చెన్నై దక్షిణపు అంచున, ఇంజంబాక్కంలో ఉన్న చోళమండలం కళాకారుల గ్రామానికి వెళ్లండి. నేను రెండుసార్లు వెళ్లాను, ఒకసారి మే నెలలో, ఇంకోసారి మార్చిలో. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మొదటిసారి పిల్లలకు సెలవులు కదా అని మేలో బయల్దేరాం. ఆలస్యమై, అక్కడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. లోపల గ్యాలరీలు బాగానే చూశాం కానీ, బయట శిల్పాల తోటలో పది నిమిషాలు కూడా నిలవలేకపోయాం. రాగి, ఇత్తడి రేకులతో చేసినవి పెనంలా కాలుతున్నాయి. మా పాప ఒకదాన్ని ముట్టుకుని చెయ్యి లాక్కుని ఏడ్చింది. ఆ చోటుకి ప్రాణం తోటే. దాన్ని చూడకుండానే తిరిగొచ్చినందుకు చాలా బాధేసింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది అంటారు కదా. అది పోయాక, ఎండలు ముదిరేలోపు మన కోస్తా వాళ్లకు దొరికే వసంతం మూడు నాలుగు వారాలు. మరుసటి ఏడాది ఆ వారాల్లోనే వెళ్లాం. కానుగ చెట్లు పాత ఆకు రాల్చేసి కొత్తగా చిగురించాయి. ఆ చిగురు లేత తమలపాకులాగా తళతళలాడుతుంది. దాని కిందుగా వచ్చే వెలుతురు కూడా కాస్త పచ్చగానే ఉంటుంది. వేప పూత ఇసుక మీద రాలి పడింది. దేవగన్నేరుకి ఆకులు ఇంకా సరిగ్గా రాలేదు, బోడి కొమ్మల చివర మాత్రం పూలు. ఇవన్నీ మన నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనూ కనిపించే చెట్లే, కాదనను. కానీ వాటి పక్కన ఒక రాతి శిల్పం నిలబడి ఉంటే చెట్టునీ, రాయినీ కలిపి చూస్తాం. రాయి మీద ఆకుల నీడ కదులుతుంటే పిల్లలు దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. అదే రాయిని గదిలో, లైటు కింద పెట్టి ఉంటే ఒక్క చూపు చూసి వెళ్లిపోయేవాళ్లు.

మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి. మా నాన్న ఇరవై ఏళ్లకు పైగా గ్రానైటు క్వారీలో పనిచేశారు. నల్ల రాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు మా ఊరిదే. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. నాన్నకు రాయి అంటే బ్లాకు, సైజు, పగులు. బ్లాకులో చిన్న గీత కనిపించినా రేటు పడిపోయేది. ఆ రోజు తోటలో ఒక గ్రానైటు శిల్పం ముందు ఆయన ఆగిపోయారు. దాని సగం గరుకుగా, క్వారీలో నుంచి తెచ్చినట్టే వదిలేశారు. మిగతా సగం అద్దంలా నున్నగా చేశారు. నాన్న ముందు కళ్లద్దాలు పైకి జరిపి చూశారు. తర్వాత బొటనవేలితో ఆ గరుకు వైపు నుంచి నున్నటి వైపుకి నెమ్మదిగా రాసుకుంటూ వెళ్లారు. "ఇదిగో, ఇది డ్రిల్లు గాడి. ఇక్కడి నుంచి ఉలి పని. ఇది చేత్తో కొట్టింది, మిషన్ కాదు" అని మనవరాలికి చూపించారు. గాడి అంటే ఏంటి తాతయ్యా అని అది అడిగింది. ఆయన దాని వేలు పట్టుకుని ఆ సన్నటి గాడిలో పెట్టారు. పొద్దున తొమ్మిదిన్నర కూడా కాలేదు, రాయి ఇంకా చల్లగానే ఉంది. "మేమైతే ఈ వైపు చెక్కేసి పారేసేవాళ్లం" అన్నారు గరుకు వైపు చూపిస్తూ, కాసేపాగి. ఇంట్లో మా నాన్న తన పని గురించి మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఆ పూట ఆపకుండా చెప్పారు. (అక్కడి వాళ్లను అడిగాకే ముట్టుకున్నాం. మీరూ అడగండి, అన్నింటినీ ముట్టుకోనివ్వరు.)

చోళమండలం కథ పిల్లలకు దారిలోనే చెప్పండి, వాళ్లకు నచ్చుతుంది. కె.సి.ఎస్. పణిక్కర్ అనే చిత్రకారుడు మద్రాసు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. చదువు అయిపోయాక తన విద్యార్థులు బొమ్మలు వేసుకుంటూ ఎలా బతకాలన్నది ఆయన దిగులు. వాళ్లంతా కలిసి బాతిక్ (మైనంతో వేసే అద్దకం) బట్టల్లాంటి చేతిపనులు చేసి అమ్మారు. ఆ డబ్బుతో సముద్రం పక్కన ఇసుక నేల, దాదాపు పది ఎకరాలు, కొనుక్కుని 1966లో ఊరు మొదలుపెట్టారు. ఇళ్లు, వర్క్‌షాపులు వాళ్లే కట్టుకున్నారు. ఇవాళ మనకు నీడనిచ్చే పచ్చదనం ఆ ఇసుక మీద పెరిగిందే. నాకు అక్కడి బొమ్మల కంటే కూడా ఈ సంగతే ఎక్కువ గుర్తుంటుంది. మన తూర్పు తీరానికి ఉన్న కోరమండల్ అనే పేరు చోళమండలం అన్న మాట నుంచే వచ్చింది. మన మైపాడు, కొత్త కోడూరు బీచులు కూడా ఆ తీరంలోవే.

మ్యూజియం 2009లో తెరిచారు. 1960ల నుంచి మద్రాసులో వచ్చిన కొత్త చిత్రకళ, శిల్పం అందులో ఉంటాయి. పణిక్కర్ 1963 నుంచి వేసిన 'వర్డ్స్ అండ్ సింబల్స్' అనే బొమ్మల వరుస గురించి పిల్లలకు ముందే కొంచెం చెప్పండి. వాటిలో అక్షరాల్లాంటివి, జాతక చక్రం గళ్లలాంటివి ఉంటాయి, చదవబోతే చదవడానికి రావు. అర్థం ఏంటని వాళ్లను టెన్షన్ పెట్టొద్దు. పి.వి. జానకిరామ్ రాగి రేకును కొట్టి చేసిన పనులు, పణిక్కర్ కొడుకు ఎస్. నందగోపాల్ లోహాన్ని అతికి చేసిన శిల్పాల గురించి కూడా తెలుసుకుని వెళ్తే బాగుంటుంది. మారుతూ ఉండే ప్రదర్శనలకు వేరే రెండు గ్యాలరీలున్నాయి, ఒకటి లేబర్నమ్, ఇంకోటి ఇండిగో. అంటే రేల, నీలి. ఒకప్పుడు మన నెల్లూరు, కడప జిల్లాల్లో నీలి పంట బాగా వేసేవాళ్లు. నీలి మందు ఇక్కడి నుంచి మద్రాసు మీదుగా ఓడలెక్కేది. ఆ పేరు చూడగానే నాకు మన వైపు మాట విన్నట్టు అనిపించింది.

ఇక ప్రయాణం. కారైతే తెల్లవారుజామున నాలుగున్నరకల్లా బయల్దేరండి. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ మీదుగా చెన్నైకి దాదాపు 175 కిలోమీటర్లు. ఊళ్లోకి ఎనిమిది తర్వాత వెళ్తే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతారు. టిఫిను ఇంటి నుంచే పట్టుకెళ్లండి. మేం పొంగడాలు, కారప్పొడి తీసుకెళ్లాం. రైలైతే సెంట్రల్‌లో దిగి, దగ్గర్లోనే ఉన్న పార్క్ టౌన్ స్టేషన్ నుంచి లోకల్‌లో తిరువాన్మియూరు వెళ్లి, అక్కడ ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వెళ్లే బస్సో ఆటోనో ఎక్కండి. పిల్లలతో అయితే కారే నయం.

చేరగానే ముందు తోటలోకి వెళ్లండి. ఎండ ఎక్కాక గ్యాలరీల్లోకి వెళ్దురుగాని. మేం మొదటిసారి చేసిన పొరపాటు ఇదే, టికెట్ కొని నేరుగా లోపలికి వెళ్లిపోయాం. పిల్లలకు ఒక తెల్ల కాగితాల పుస్తకం, పెన్సిలు ఇవ్వండి. నచ్చిన శిల్పం ఒకటి ఎంచుకుని దాని నీడ గీయమనండి. మా పాప గీసిన నీడ, పక్కన మా నాన్న గీసిన ఉలి, ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీదే ఉన్నాయి.

ఇంకా దక్షిణానికి వెళ్తే అదే ఈసీఆర్ రోడ్డులో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర ఉంది. దక్షిణాది పాత ఇళ్లను తెచ్చి మళ్లీ నిలబెట్టిన చోటు అది, 1996లో తెరిచారు, మంగళవారం సెలవు. ఉత్తరాంధ్ర చుట్టిల్లు, నల్లగొండ నేతగాళ్ల ఇల్లు అక్కడ చూడొచ్చు. చాలా మంచి చోటు, కానీ అదే రోజున పెట్టుకోవద్దు. రెండూ చూద్దామని పరిగెత్తిస్తే పిల్లలు రెండింటినీ మర్చిపోతారు. దానికి ఇంకో ఆదివారం పెట్టుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను కూడా ఎక్కించుకోండి. నేల ఇసుకగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పట్టుండే చెప్పులు వేయించండి. నీళ్లు మనిషికి ఒక సీసా తప్పనిసరి. మధ్యాహ్నం మూడుకల్లా తిరుగు ప్రయాణం మొదలుపెడితే రాత్రి భోజనానికి నెల్లూరులో ఉంటారు. మీ పిల్లల వయసెంతో రాస్తే, మా పిల్లలకు ఏమేం నచ్చాయో ఇంకొంచెం చెప్తాను.