పూజ మండపానికి బంగారు రేకు: అసలుదా, ఇత్తడిదా?

మాధవమాలలో చెక్కించుకుంటున్న పూజ మండపానికి రేకు అద్దాలనుకుంటున్నానని, తక్కువ ధర రేకు సరిపోతుందా అని అడిగారు. తిరుపతిలోని మా ఇంటి మండపానికి నేను రెండు రకాలూ అద్దాను. దీపం దగ్గర మాత్రం అసలు బంగారమే అద్దండి.

మొదట నేను కొన్నది రాగి, జింకు కలిసిన రేకు, అంటే పలచని ఇత్తడి. అద్దిన రోజు తేడా ఎవరికీ తెలియలేదు. పైన వార్నిష్ వేయకపోవడం నా పొరపాటు. రెండు కార్తీకాలు గడిచేసరికి తోరణం అంచులు గోధుమరంగుకు తిరిగాయి, చేతులు తగిలిన చోటల్లా నల్లమచ్చలు పడ్డాయి. రుద్దితే రేకే ఊడివచ్చింది. ఎంత బాధపడ్డానో! బంగారం గాలికీ తేమకూ అలా మారదు.

అసలు రేకు మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. కింద చెక్కలో చిన్న గీత ఉన్నా పైకి కనిపిస్తుంది. అందుకే నా సమయమంతా పునాదికే పోయింది: సుద్దపొడిని వడ్రంగులు వాడే వజ్రం జిగురులో కలిపి పలచగా నాలుగైదు పూతలు, ఆరాక గరుకు కాగితంతో నునుపు, ఆపైన ఎర్ర కావి రంగు, లక్క పూత. కావి ఎందుకంటే, రేకు ఎక్కడైనా చిట్లితే ఆ సందులోంచి తెలుపు కాక వెచ్చని ఎరుపు కనిపిస్తుంది. తర్వాత రేకు కోసం అమ్మే నూనె జిగురు రాసి, వేలి కణుపు ఆనిస్తే అంటుకోకుండా కాస్త పట్టి లాగేదాకా ఆగాలి. తడిగా ఉండగా అద్దితే మెరుపు చస్తుంది. ఫ్యాను ఆపేయండి, ఊపిరికే రేకు లేచిపోతుంది.

8 సెంటీమీటర్ల చదరపు రేకులు 25 ఉన్న పుస్తకం కొంటే, అంచులు కలిపి వేయగా చదరపు అడుగున్నర వస్తుంది. అందుకని తోరణానికీ కలశానికీ మాత్రమే బంగారం అద్ది, మిగతాది చెక్క రంగులోనే వదిలాను. అదే అందంగా ఉంది.

ఆనంద నిలయంలా మెరవాలని రాశారు. శ్రీకృష్ణదేవరాయలు 30,000 వరహాలిచ్చి చేయించిన ఆ విమానపు బంగారు తాపడం వేరే పని. మన రేకుకు అభిషేక జలం తగలకూడదు, మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

మండపానికి మైనం పాలిష్ పెట్టవద్దని శిల్పులకు ఇప్పుడే చెప్పండి. మైనం మీద జిగురు నిలవదు.