ముందు మీ నాన్న డిస్కు కేబుల్ తీసెయ్, బిడ్డా

నల్లగొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నీ మెసేజ్ చూశాను. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే కొత్త రకం డిస్కు, వచ్చిందనీ, దాని మీద ఉబుంటు అనే లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుంటాననీ, మీ నాన్న విండోస్‌కు మాత్రం ఏమీ కాకూడదనీ రాశావు. ఫోన్లో చెప్తే సగం వింటావు, సగం మరిచిపోతావు. అందుకే షాపు మూసి వచ్చాక కూర్చొని రాస్తున్నా.

అసలు మాట ముందే చెప్తా. కొత్త డిస్కు మీద లినక్స్ ఎక్కించేటప్పుడు మీ నాన్న డిస్కు కేబుల్ తీసి పక్కన పెట్టు. ఇన్‌స్టాల్ అయ్యేంతసేపూ అలాంటి డిస్కు ఒకటి ఉందన్న సంగతే ఆ కంప్యూటర్‌కు తెలియకూడదు. రెండూ తగిలించి ఉంచి, "జాగ్రత్తగా చూసి కొత్తదాన్నే సెలెక్ట్ చేస్తాలే మామా" అంటే నేను ఒప్పుకోను.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, నేను ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాను. నా డీటీపీ షాపులో ఒక సిస్టమ్‌కు పాత హార్డ్ డిస్కు ఉండేది, అందులో లినక్స్. తర్వాత ఒక ఎస్‌ఎస్‌డీ తెచ్చి, పాతదాన్ని కదపకుండానే, కొత్తదాని మీద విండోస్ ఎక్కించాను. బాగానే నడిచింది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ అన్నీ వేసుకున్నాను. నాలుగు నెలలయ్యాక, పాత డిస్కు ఊరికే పడి ఉంది కదా అని తీసి మిర్యాలగూడలో ఉన్న స్నేహితుడికి ఇచ్చాను. మర్నాడు పొద్దున స్విచ్ వేస్తే నల్లటి తెర, దాని మీద రెండు తెల్ల లైన్లు. బూట్ కావడానికి డిస్కు లేదట! అది మాఘమాసం, ముహూర్తాల సీజను. కౌంటర్ దగ్గర పెళ్లికూతురి తండ్రి కార్డు ప్రూఫు చూసుకోవడానికి వచ్చి నిలబడి ఉన్నాడు. ఆ కార్డు ఫైలు ఎస్‌ఎస్‌డీలో భద్రంగానే ఉంది, దాన్ని తెరిచే దారే లేదు. ఆయనకు ఏం చెప్పాలో తోచలేదు. బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లి, ఇచ్చిన డిస్కు మళ్లీ అడిగి తెచ్చి తగిలిస్తేగాని విండోస్ లేవలేదు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే.

జరిగిందేమిటో తర్వాత అర్థమైంది. ఇప్పటి కంప్యూటర్లు దాదాపు అన్నీ యూఈఎఫ్ఐ అనే పద్ధతిలో లేస్తాయి. సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రాం, అంటే బూట్‌లోడర్, డిస్కులో ఈఎఫ్ఐ పార్టిషన్ అనే చిన్న గదిలో ఉంటుంది. విండోస్ ఎక్కించేటప్పుడు ఇంకో డిస్కులో అప్పటికే అలాంటి గది కనిపిస్తే, తనకంటూ వేరే గది కట్టుకోకుండా తన తాళంచెవి అక్కడే పెట్టేస్తుంది. ఉబుంటు ఇన్‌స్టాలర్ కూడా అంతే. కొత్త డిస్కు చూపించినా బూట్‌లోడర్‌ను పాత డిస్కు గదిలో పెట్టడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. ఇల్లు ఇక్కడ, తాళంచెవి పక్కింట్లో. రేపు మీ నాన్న డిస్కు పాడైనా, మార్చినా నీ లినక్స్ కూడా ఆగిపోతుంది. కేబుల్ తీసి ఉంటే ఏ డిస్కు గది ఆ డిస్కులోనే కట్టుకుంటుంది. ఒకే వాకిట్లో అన్నదమ్ముల రెండిళ్లు ఉన్నా ఎవరి గడప వారిది, ఎవరి తాళం వారిది అన్నట్టు ఉండాలి.

విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే వర్చువల్ మెషీన్‌తో సరిపోదా అని కూడా అడిగావు. మీ సిస్టమ్‌లో ఉన్నది 8 జీబీ ర్యామ్. విండోస్ సగం తిని, మిగిలిన సగంలో లినక్స్‌ను నడిపిస్తే ప్రాక్టీసు కన్నా ఎదురుచూపే ఎక్కువవుతుంది. వేరే డిస్కు తెచ్చుకున్నావు, మంచి పని చేశావు.

కంప్యూటర్ డబ్బా విప్పే ముందు మూడు పనులున్నాయి. మొదటిది మీ నాన్న టాలీ లెక్కలు. ఎరువుల దుకాణం లెక్కలంటే మామూలు విషయం కాదు, ఎంతమంది రైతుల బాకీలు అందులో ఉంటాయో నీకు తెలుసు. టాలీలోనే బ్యాకప్ తీసే వీలుంది, అది పెన్‌డ్రైవ్‌లోకి తీయి. తీసి ఊరుకోకు. ఆ పెన్‌డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి, బ్యాకప్‌ను రీస్టోర్ చేసి, నిన్నటి బిల్లు ఒకటి కనిపిస్తుందో లేదో చూడు. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ అనను. ఇంకో మాట, వానలు పడి పత్తి గింజలకూ డీఏపీకీ జనం క్యూ కట్టే రోజుల్లో ఈ పని పెట్టుకోకు. దుకాణానికి పని తక్కువగా ఉన్న ఆదివారం చూసుకో.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం. విండోస్ సెట్టింగ్స్‌లో అది ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. బయోస్‌లో, అంటే స్విచ్ వేయగానే మొదట లేచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో, ఏదైనా మారిస్తే విండోస్ ఒక్కోసారి ఆ కీ అడుగుతుంది. అప్పుడు వెతుక్కుంటే దొరకదు.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే విండోస్‌ను షట్‌డౌన్ చేసినా పూర్తిగా పడుకోదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి ఆ డిస్కు మీద ఏదైనా రాస్తే ఫైళ్లు చెడిపోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి దాన్ని ఆపెయ్. అలాగే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ అనే చోట యూఈఎఫ్ఐ ఉందా, పాత పద్ధతి అయిన లెగసీ ఉందా చూసుకో. ఏది ఉంటే ఉబుంటు ఎక్కించే పెన్‌డ్రైవ్‌ను కూడా ఆ పద్ధతిలోనే బూట్ చెయ్యి.

ఇక డబ్బా విప్పడం. ప్లగ్గు గోడ నుంచి తీసెయ్. తీశాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది. సీపీయూ పక్క మూత స్క్రూలు విప్పి ఒక స్టీలు గిన్నెలో వేసుకో. లోపల ఏదైనా ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో తాకు. అప్పుడు ఒక ఫోటో తీసుకో, ఏ కేబుల్ ఎక్కడుందో రేపు అదే చెప్తుంది. మీ నాన్న డిస్కుకు రెండు కేబుళ్లు ఉంటాయి. సన్నగా ఉన్నది సాటా డేటా కేబుల్, వెడల్పుగా ఉన్నది కరెంటుది. సన్నదాని కొసకు చిన్న ఇనుప నాలుక ఉంటుంది, దాన్ని బొటనవేలితో నొక్కి నిదానంగా లాగితే టక్కున వస్తుంది. వైరు పట్టుకుని లాగకు, పిడి పట్టుకో. కరెంటు కేబుల్ కూడా తీసెయ్. రెండింటి నోరూ ఇంగ్లిష్ ఎల్ అక్షరం ఆకారంలో ఉంటుంది కాబట్టి తిరగేసి పెడదామన్నా పట్టదు. పట్టలేదని బలం చేస్తే మాత్రం పిన్నుల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ విరుగుతుంది. కొత్త ఎస్‌ఎస్‌డీకి వేరే సాటా కేబుల్ కావాలి, ముందే కొనుక్కో. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు ఉండవు, నిలువుగా బిగించినా అడ్డంగా బిగించినా ఒకటే. వైర్ల మీద వేలాడనీయకు, అంతే.

ఉబుంటు ఎక్కించడానికి వేరే పెన్‌డ్రైవ్ తీసుకో, 8 జీబీది చాలు. ఉబుంటు 24.04 వేసుకో. 2024 ఏప్రిల్‌లో వచ్చింది, అప్పటి నుంచి ఐదేళ్లు అప్‌డేట్లు ఉంటాయి. రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ తయారు చెయ్యి. ముందు ఇన్‌స్టాల్ చేయకుండానే ట్రై చేసి చూడు, వైఫై, సౌండ్ పని చేస్తున్నాయో లేదో తెలుస్తుంది. యూపీఎస్ లేకుండా మాత్రం మొదలుపెట్టకు.

ఇన్‌స్టాలర్ మధ్యలో డిస్కు మొత్తం చెరిపి వేయమంటావా అని అడుగుతుంది. ఆ మాట చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. నీకు ఆ భయం అక్కర్లేదు. అప్పటికి ఆ డబ్బాలో ఉన్నది నీ కొత్త డిస్కు ఒక్కటే, మీ నాన్నది టేబుల్ మీద కేబుల్ లేకుండా ఉన్నట్టే లెక్క. ధైర్యంగా ఎరేజ్ డిస్క్ నొక్కు. పార్టిషన్లు చేత్తో కొయ్యడం ఇప్పుడే వద్దు.

ఉబుంటు ఒకసారి లేచి, ఆపేశాక మళ్లీ ప్లగ్గు తీసి పాత డిస్కు తగిలించు. ఏ సిస్టమ్ కావాలో బయోస్ బూట్ మెనూలో ఎంచుకోవచ్చు. స్విచ్ వేయగానే ఎఫ్12 గానీ, ఎఫ్11 గానీ, ఎఫ్8 గానీ నొక్కాలి, మదర్‌బోర్డు కంపెనీని బట్టి మారుతుంది. బయోస్‌లో మొదటి వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌నే ఉంచు. మీ నాన్న స్విచ్ వేస్తే ఎప్పటిలా ఆయన విండోస్ రావాలి, ఆయన ఏ కీ నొక్కనక్కర్లేదు. లినక్స్ కావాల్సింది నీకు, కీ నువ్వు నొక్కు. ఉబుంటు బూట్‌లోడర్ పేరు గ్రబ్, దాని మెనూలో విండోస్‌ను కూడా చేర్చుకోమని నీ స్నేహితులు చెప్తారు. కుదురుతుంది, కానీ నేను వద్దంటాను. తలుపులు వేరు చేసుకున్నాక మళ్లీ ఒకదాని గుండా ఇంకోదానిలోకి దారి ఎందుకు?

గడియారం సంగతి మరిచిపోయేలా ఉన్నా. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన టైమే ఉందనుకుంటుంది, లినక్స్ మాత్రం అందులో యూటీసీ టైము, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైము, పెడుతుంది. మనకూ దానికీ ఐదున్నర గంటల తేడా. నువ్వు రాత్రి లినక్స్ వాడి ఆపేస్తే, మీ నాన్న పొద్దున పదిన్నరకు దుకాణం తెరిచేసరికి విండోస్ ఐదు గంటలు చూపిస్తుంది. ఆయన కంప్యూటర్ పాడైందని కంగారు పడతాడు. లినక్స్‌ను కూడా లోకల్ టైమే వాడమని చెప్పడానికి ఒక్క లైను కమాండు చాలు, స్పెల్లింగ్ తప్పకుండా వాట్సాప్‌లో పంపిస్తా.

లినక్స్ నుంచి మీ నాన్న డిస్కు కనిపిస్తుంది. చూడు, కానీ అందులో ఏమీ రాయకు. విండోస్‌కు మాత్రం నీ డిస్కులో ఏముందో చదవడం రాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పేరూ ఊరూ లేని పార్టిషన్‌లా కనిపిస్తుంది. లెక్కలు రాయడానికి వచ్చే అబ్బాయి అది ఖాళీ అనుకుని ఫార్మాట్ కొట్టగలడు. అతనికి ముందే ఒక మాట చెప్పి ఉంచు.

మూత బిగించే ముందు నాకు వీడియో కాల్ చెయ్యి, కేబుళ్లు ఒకసారి చూస్తా. పొద్దున ఏడు తర్వాత ఎప్పుడైనా ఫర్వాలేదు. అమ్మను అడిగానని చెప్పు.

నీ మామ