అణు వ్యర్థాల స్థలం: పాత ఉప్పు గనిని ఎందుకు ఒప్పుకోలేదంటే

అణు వ్యర్థాలను పాతిపెట్టడానికి పాత ఉప్పు గనిని ఎంచుకున్న మీ ప్రాజెక్టు తిరిగి రావడానికి కారణం మీరనుకున్నట్టు భూకంపాల మ్యాపు కాదు, నీళ్లు. నీటి గురించి "పాత ఉప్పు గని, పొడిగా ఉంది" అని రాసి వదిలేశారు. జర్మనీలో ఆస్సె గని కథ కూడా ఇదే. 1967-78 మధ్య దాదాపు 1,26,000 అణు వ్యర్థాల పీపాలు దించారు. 1988 నుంచి ఉప్పునీరు ఊరుతోంది, ఏళ్ల తరబడి రోజుకు సుమారు 12 ఘనపు మీటర్లు. ఇప్పుడు అవన్నీ పైకి తీయాలట!

1. ముందు రాతి పగుళ్లు, వాటిలో నీరు ఎటు పోతుందో గీయండి. అందరూ మర్చిపోయేది ఇదే. పాత తవ్వకాలు, బోర్లు కూడా నీటికి దారులే.

2. తర్వాత వ్యర్థాలు బయటికి రాకుండా ఆపే అడ్డుకట్టలు. ఫిన్లాండ్‌లో అణు వ్యర్థాలను పాతిపెట్టడానికి కట్టిన ఓంకాలోలో 400 మీటర్లకు పైగా లోతు, రాగి డబ్బా, చుట్టూ బెంటోనైట్ మట్టి. ఆ మట్టి తడిస్తే ఉబ్బి సందులు మూసేస్తుంది.

3. స్థానికుల సమ్మతి గురించి ప్రాజెక్టులో ఒక్క లైను రాస్తే చాలు. ఫిన్లాండ్‌లో మునిసిపాలిటీకి వద్దనే హక్కుంది.