అల్లాయ్‌లు మార్చాక వాల్వ్ దగ్గర గాలి దిగుతోందా?

పికప్‌కి కొత్త అల్లాయ్ చక్రాలు వేయించి, వాల్వుతో కలిసుండే పాత టైర్ ప్రెషర్ సెన్సర్లే (గాలి ఎంతుందో కొలిచేవి) బిగించాక రోజూ గాలి తగ్గుతోందంటే ముందు అనుమానించాల్సింది టైరుని కాదు, వాల్వ్ మొదట్లోని రబ్బరు గ్రోమెట్‌ని (గాలి పోకుండా ఆపే రింగు). పాత రిమ్ముకి ఒకసారి నలిగిన గ్రోమెట్ కొత్త రిమ్ములో సరిగ్గా కూర్చోదు.

1. వాల్వ్ మీద సబ్బునీళ్లు పోయండి. మొదట్లో బుడగలొస్తే గ్రోమెట్, మూతి దగ్గరొస్తే లోపలి పిన్ను (వాల్వ్ కోర్).

2. రిమ్ము రంధ్రం కొలిపించండి. సెన్సర్ వాల్వులు ఎక్కువగా 11.3 మి.మీ. రంధ్రానికి చేసినవి. 15.7 ఉంటే ఎంత బిగించినా ఆగదు.

3. గ్రోమెట్, వాషర్, నట్టు, పిన్ను నాలుగూ కొత్తవే వేయాలి. నట్టుని టార్క్ రెంచితో (బిగింపు కొలిచే పానా), సెన్సర్ కంపెనీ చెప్పినంతే బిగించాలి.

అందరూ వదిలేసేది పిన్ను. సెన్సర్ కాడ (వాల్వ్ గొట్టం) అల్యూమినియం. అందులో పచ్చటి ఇత్తడి పిన్ను వేస్తే మన విశాఖ ఉప్పుగాలికి రెండు లోహాలూ తినేసుకుని అతుక్కుపోతాయి. తెల్లటి పొడి కనిపిస్తే అదే. తిప్పబోతే కాడే విరుగుతుంది, సెన్సర్ పోయినట్టే. తెల్లగా మెరిసే నికెల్ పూత పిన్ను, ప్లాస్టిక్ మూత అడిగి మరీ వేయించండి. బీచ్‌రోడ్డు, భీమిలి వైపు తిరిగే బండికి ఇది తప్పదు.

4. డాష్‌బోర్డులో టైర్ ప్రెషర్ లైటు నిమిషంపాటు మిణుకుమిణుకుమని తర్వాత నిలబడితే సెన్సర్ సిగ్నల్ అందడంలేదని. మొదట్నుంచీ నిలకడగా వెలిగితే గాలే తక్కువ.